పాత క్యాంపర్ వ్యానులో గ్యాసు హీటరు: ఉంచాలా, తీసేయాలా?

జర్మనీలో 1990ల నాటి క్యాంపర్ వ్యాను కొంటే, బట్టల అలమర అడుగున తరచూ కనిపించేది ట్రూమా కంపెనీ చేసిన ఎస్ 3002 గ్యాసు హీటరు. దాన్ని అలాగే వాడుకోవాలా, తీసేసి డీజిల్ హీటరు బిగించుకోవాలా, లేక బిగించిన హీటరే లేకుండా, క్యాంపింగ్ స్థలాల్లో ఇచ్చే కరెంటుతో చిన్న ఫ్యాన్ హీటరు పెట్టుకుని నెట్టుకురావాలా? నా మొగ్గు పాత హీటరు వైపే, అయితే తనిఖీలో అది నెగ్గాకే.

దీనిలో నాకు బాగా నచ్చేది బ్యాటరీ మీద ఆధారపడకపోవడం. వ్యాను మూలమూలకూ వేడి గాలిని పంపే ఫ్యానుకు మాత్రమే 12 వోల్టుల కరెంటు కావాలి. ఆ ఫ్యాను ఆపేసినా హీటరు వెచ్చదనం ఇస్తూనే ఉంటుంది, అదీ చప్పుడు లేకుండా. అడవి పక్కన కరెంటు లేని చోట రాత్రి గడిపేవారికి ఇది చిన్న విషయం కాదు. గ్యాసు మాత్రం బాగానే తాగుతుంది: గంటకు 30 నుంచి 280 గ్రాములు. పూర్తి మంట మీద ఆపకుండా నడిపితే 11 కిలోల సిలిండరు నలభై గంటలు కూడా రాదు. చలికాలంలో ప్రొపేన్ సిలిండరే తీసుకోవాలి, ఎందుకంటే సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బ్యూటేన్ ఆవిరి కావడం మానేస్తుంది.

అసలు ప్రమాదం హీట్ ఎక్స్ఛేంజర్‌తో. ఒకవైపు మండే గ్యాసు, మరోవైపు మనం పీల్చే గాలి. మధ్యనున్న ఆ లోహపు గోడ తుప్పు పట్టి చిల్లు పడితే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నేరుగా పడక దగ్గరికే వస్తుంది. ఆ భాగాన్ని 30 ఏళ్లకు మార్చాలని ట్రూమా తన సూచనల్లోనే రాసింది. అంటే 1994లో బిగించిన హీటరుకు 2024తోనే గడువు తీరింది. కాబట్టి మార్చిన రసీదు అడిగి చూడండి. హీటరు వెలిగించాక మంటను కాసేపు గమనించండి. అది నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు రంగులో ఊగుతున్నా, పొగ గొట్టం చుట్టూ మసి పట్టినా వెంటనే ఆపేయండి. కొన్నిసార్లు బర్నరులో సాలీడు పెట్టిన గూడే దీనికి కారణం కావచ్చు, కానీ ఆ మాట నిపుణుడు చూసి చెప్పాలి. జర్మనీలో రెండేళ్లకోసారి జరగాల్సిన గ్యాసు తనిఖీ (దాని పేరు జీ 607) పత్రాన్ని అమ్మేవారు చూపించలేకపోతే బేరం అక్కడే ఆపండి. రెగ్యులేటరు, రబ్బరు గొట్టాలు పదేళ్లు దాటితే వాటినీ మార్చాల్సిందే.

డీజిల్ హీటరుతో సిలిండర్లు మోసే పని ఉండదు. ఎబర్‌స్పెషర్, వెబాస్టో వంటి కంపెనీలు చేసే రెండు కిలోవాట్ల రకం గంటకు పావు లీటరు అటూ ఇటుగా, బండి ట్యాంకు నుంచే తీసుకుంటుంది. సీటు కిందే ఇమిడిపోతుంది, అలమర ఖాళీ అవుతుంది. చిక్కల్లా వెలిగే ఆ కొన్ని నిమిషాల్లోనే. డీజిల్‌ను అంటించే లోపలి గ్లో ప్లగ్ వేడెక్కడానికి చాలా కరెంటు లాగుతుంది. బ్యాటరీ పాతదైతే వోల్టేజీ పడిపోయి, తెల్లవారుజామున సరిగ్గా చలి ముదిరిన వేళ హీటరు మొరాయిస్తుంది. ఎప్పుడూ తక్కువ మంటలోనే నడిపితే లోపల మసి పేరుకుంటుంది. ఆల్ప్స్‌లో బాగా ఎత్తుకు వెళితే గాలి పలచబడి మసి ఇంకా పెరుగుతుంది. ఇంధనం పంపు టిక్కుటిక్కుమంటుంటే నిద్ర పట్టనివారూ ఉన్నారు.

హీటరే వద్దనుకోవడం వేసవి ప్రయాణాలకు సరిపోతుంది. కానీ చాలా క్యాంపింగ్ స్థలాల్లో ఇచ్చేది 6 ఆంపియర్లే, అంటే సుమారు 1,400 వాట్లు. 2,000 వాట్ల ఫ్యాన్ హీటరు పెట్టగానే ఫ్యూజు పోతుంది. పైగా రాత్రంతా మన ఊపిరిలోని తేమ గోడలకు పట్టి, పాత వ్యాను చెక్క లోలోపలే కుళ్లిపోతుంది. తీసేసిన హీటరు పొగ గొట్టం రంధ్రాన్ని సరిగా మూయకపోతే వాన నీరు కూడా దానికి తోడవుతుంది. గ్యాసు పైపును మూసే పని మాత్రం సొంతంగా చేయకండి.

వసంతంలో, శరదృతువులో తిరిగేవారికి, తనిఖీలో నెగ్గిన పాత గ్యాసు హీటరును తీసేయడానికి కారణమేమీ నాకు కనిపించదు. ఎక్స్ఛేంజర్ గడువు తీరి, కొత్తది దొరకకపోతే, లేదా చలికాలమంతా వ్యానులో గడిపే అలవాటుంటే డీజిల్‌కు మారండి, దానితోపాటే కొత్త బ్యాటరీ కూడా. ఏది ఎంచుకున్నా పడక దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, దాని మీద రాసిన గడువు తేదీ చూడండి. చలి ఎంతగా వేసినా వంట పొయ్యి వెలిగించి వ్యానును వేడి చేసుకోకండి.