విండోస్ ప్రో ఫైల్ సర్వర్‌గా ఎంతవరకు పనికొస్తుంది: 20 పరికరాల లైసెన్స్ లెక్క

విండోస్ 10 ప్రో ఉన్న కంప్యూటర్‌లో ఒక షేర్ ఫోల్డర్ పెట్టి, ఆఫీసంతా దాన్నే ఫైల్ సర్వర్‌గా వాడుకోవడం చాలాచోట్ల కనిపించేదే. ఏళ్ల తరబడి వాడిన మీదట నా అభిప్రాయం: పదిమంది వరకు ఇంతకంటే సులువైన ఏర్పాటు లేదు. పదిహేను దాటిందా, రోజూ తంటానే. దానికి కారణం డిస్కూ కాదు, ర్యామూ కాదు, స్విచ్చీ కాదు. లైసెన్స్ ఒప్పందంలోని ఒక షరతు.

ఆ షరతు ప్రకారం ఫైల్ షేరింగ్, ప్రింటింగ్, ఐఐఎస్ వెబ్ సర్వర్, ఇంటర్నెట్ షేరింగ్, టెలిఫోనీ సేవల కోసం 20 ఇతర పరికరాల వరకు ఈ కంప్యూటర్‌కు కనెక్ట్ కావచ్చు. విండోస్ 11లోనూ అంతే. ఎక్స్‌పీ ప్రోలో 10, ఎక్స్‌పీ హోమ్‌లో 5 ఉండేవి. విండోస్ 7తో 20 అయింది, అక్కడే ఆగింది.

ఇక్కడ లెక్కలోకి వచ్చేవి పరికరాలు, మనుషులు కాదు. స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా ఫోల్డర్‌లో వేసే జిరాక్స్ మెషీన్ ఒకటి. బ్యాకప్ లాక్కునే పెట్టె ఇంకొకటి. ల్యాప్‌టాప్‌తో పాటు ఫోన్‌లోనూ షేర్ తెరిచేవాళ్లు ఒక్కొక్కరు రెండు. ఒకే కంప్యూటర్ నుంచి రెండు డ్రైవ్‌లు, ఒక ప్రింటర్ మ్యాప్ చేసినా అదంతా ఒక్క సెషనే, అంటే లెక్కలో ఒక్క కనెక్షనే, ఇది మేలు. అదే కంప్యూటర్‌లో ఏదైనా సర్వీస్ వేరే ఖాతాతో లాగిన్ అయితే మాత్రం రెండో సెషన్ మొదలవుతుంది. అందుకే కాగితం మీద 20 అని ఉన్నా, 14 లేదా 15 మంది సిబ్బందికి మించి దీని మీద భరోసా పెట్టుకోకూడదు.

21వ కనెక్షన్ వచ్చినప్పుడు కంప్యూటర్ నెమ్మదించదు. నేరుగా తిరస్కరిస్తుంది. అవతల తెరమీద ఎర్రర్ 71 వస్తుంది: ఇప్పటికే నిండిపోయింది, ఇక కనెక్షన్ ఇవ్వలేం అని. అది చదవకుండా కేబుల్ మార్చడం, పాస్‌వర్డ్ మార్చడం, ఫైర్‌వాల్ ఆపడం మొదలుపెడితే పూట గడిచిపోతుంది. పైగా కాసేపటికి ఎవరో ఒకరు బయటికెళ్తే దానంతటదే కుదురుకుంటుంది, అసలు కారణం దొరకదు.

చూసుకోవడం తేలికే. షేర్ ఉన్న కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్ కాన్ఫిగ్ సర్వర్’ ఇవ్వండి. గరిష్ఠ యూజర్ల సంఖ్య 20 అనీ, ఖాళీ సెషన్ గడువు 15 నిమిషాలనీ కనిపిస్తాయి. తర్వాత ‘నెట్ సెషన్’ ఇస్తే ఎవరెవరు ఉన్నారో, ఎన్ని ఫైళ్లు తెరిచారో, ఎంతసేపటిగా ఖాళీగా ఉన్నారో వరుసగా వస్తుంది. ఆ 15 నిమిషాలను ‘నెట్ కాన్ఫిగ్ సర్వర్ స్లాష్ ఆటోడిస్కనెక్ట్ కోలన్ 5’ అని ఇచ్చి 5కు తగ్గించవచ్చు. అవతలివాళ్లు మళ్లీ ఫోల్డర్ తాకితే కనెక్షన్ దానంతటదే వస్తుంది, మ్యాప్ చేసిన డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ కనబడినా కంగారు పడనక్కర్లేదు. కానీ ఫైల్ తెరిచి ఉన్న సెషన్‌ను ఈ గడువు తెంచదు. పొద్దున ఎక్సెల్ తెరిచి భోజనానికి వెళ్లినవాళ్ల చోటు అలాగే పట్టి ఉంటుంది. ఆ సెషన్‌ను డిలీట్ ఆదేశంతో బలవంతంగా తీయవచ్చు గానీ, మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ తెరిచి ఉన్నప్పుడు ఆ పని చేయొద్దు. సగం రాసిన ఫైల్ పాడవుతుంది.

ఈ పరిమితిని పగలగొట్టే ప్యాచ్‌ల జోలికి వెళ్లకండి. సాంకేతిక అడ్డంకులను దాటడాన్ని ఒప్పందమే నిషేధిస్తుంది, పైగా అప్‌డేట్ వస్తే మార్చిన సిస్టమ్ ఫైళ్లు పోతాయి. యంత్రానికి శక్తి లేక పెట్టిన హద్దు కాదిది, అదే అసలు బాధ. 1996లో మైక్రోసాఫ్ట్ వాళ్లు అప్పటి విండోస్ ఎన్‌టీ వర్క్‌స్టేషన్ 4.0 బీటాలో పది నిమిషాల్లో 10కి మించి ఐపీ అడ్రసులు కనెక్ట్ కాకుండా అడ్డుపెట్టారు. విమర్శలు రాగానే కోడ్‌లోంచి తీసేశారు, ఒప్పందంలో మాత్రం ఉంచారు.

దూరం నుంచి ఆ కంప్యూటర్ తెరనే తెచ్చుకుని పనిచేసే రిమోట్ డెస్క్‌టాప్‌కు ఇంకా బిగువు. ఒకసారికి ఒక్కరే. ఆ కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే ఒక్కరిని లైసెన్స్ యూజర్‌గా నిర్ణయించుకోవాలి, 90 రోజులకు ఒకసారికి మించి మార్చకూడదు.

20 సరిపోనప్పుడు రెండు దారులున్నాయి. విండోస్ సర్వర్ తీసుకుంటే సర్వర్ లైసెన్స్‌తో పాటు ప్రతి యూజర్‌కో, ప్రతి పరికరానికో క్యాల్ (సర్వర్‌ను వాడుకునే హక్కు ఇచ్చే లైసెన్స్) కొనాలి. షిఫ్టుల్లో ఒకే కంప్యూటర్‌ను ముగ్గురు వాడేచోట డివైస్ క్యాల్, ఒకరికే మూడు పరికరాలున్నచోట యూజర్ క్యాల్ లాభం. మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టి అందరినీ ఒకే కనెక్షన్‌గా చూపినా క్యాల్‌ల సంఖ్య తగ్గదు. 2019 క్యాల్ 2022 సర్వర్‌కు చెల్లదు. ఫైల్ షేరింగ్‌లో క్యాల్ లేకున్నా సర్వర్ ఎవరినీ ఆపదు, కాబట్టి లెక్క మీరే రాసిపెట్టుకోవాలి, ఆడిట్‌లో తేలేది అదే. చిన్న ఆఫీసుకు విండోస్ సర్వర్‌లోనే ఎసెన్షియల్స్ ఎడిషన్ నయం: 25 మంది యూజర్లు, 50 పరికరాల వరకు క్యాల్ అక్కర్లేదు.

నేను సిఫారసు చేసేది మాత్రం రెండో దారి: లైనక్స్ మీద సాంబా, అంటే విండోస్ కంప్యూటర్లకు ఫోల్డర్లు షేర్ చేసే సాఫ్ట్‌వేర్. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్, తలల లెక్క లేదు, ‘మ్యాక్స్ కనెక్షన్స్’ సెట్టింగ్ డిఫాల్ట్‌గా సున్నా, అంటే పరిమితి లేనట్టే. మారేటప్పుడు రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. పాత స్కానర్లకు ఎస్‌ఎంబీ 1 (విండోస్ ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ పాత రూపం) మాత్రమే వస్తే, 4.11 వెర్షన్ నుంచి సాంబా వాటిని డిఫాల్ట్‌గా రానివ్వదు. వాటికోసం సర్వర్ మొత్తాన్ని పాత ప్రోటోకాల్‌కు దించకండి, స్కాన్‌ను మెయిల్‌కో ఎఫ్‌టీపీకో మళ్లించండి. రెండోది, పలువురు ఒకేసారి తెరిచే డేటాబేస్ ఫైళ్లు. వాటిని విడిగా ఒక షేర్‌లో పెట్టి, ఫైల్ డేటాను అవతలి కంప్యూటర్ తన దగ్గరే దాచుకోనిచ్చే ‘ఆప్‌లాక్స్’, ‘లెవెల్2 ఆప్‌లాక్స్’ సెట్టింగులు రెండూ ‘నో’ చేయాలి. కాస్త నెమ్మదిస్తుంది, కానీ ఫైల్ చెడదు.