ఎలక్ట్రికల్ పనులకు ‘లీడ్లు’ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో వైరింగ్ పనులు చేసుకునే తోటి కాంట్రాక్టర్లకు ఒక హెచ్చరిక. ‘నెలనెలా మీకు కస్టమర్లను పంపిస్తాం’ అంటూ ఎవరైనా ఫోను చేస్తే ముందుగా ఒక్క ప్రశ్న అడగండి: ఒక్కో కస్టమరు నంబరును మీరు ఎంతమందికి అమ్ముతున్నారు? నేను అడగలేదు. ఫలితంగా 17,700 రూపాయలు, మూడు నెలల పెట్రోలు, కాస్త పరువు పోగొట్టుకున్నాను.

ఆషాఢంలో మన పని ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. గృహప్రవేశాలు ఉండవు, కట్టుబడి పూర్తయిన ఇళ్ళ వాళ్ళు కూడా ‘శ్రావణం రానివ్వండి’ అంటారు. పని ఉన్నా లేకపోయినా ఇద్దరు వైర్‌మన్‌లకు కూలి ఇవ్వాలి. సరిగ్గా ఆ రోజుల్లో కస్టమర్లను పంపిస్తామనే ఒక సంస్థ నుంచి ఒకామె ఫోను చేసింది. చక్కని తెలుగు, మాటకు ముందు ఒక ‘సార్’, మాటకు వెనుక ఒక ‘సార్’. నా షాపు పేరు, నాకు కాంట్రాక్టర్ లైసెన్సు ఉన్న సంగతి ఆమెకు ముందే తెలుసు. నేను మురిసిపోయాను. ఆ వివరాలన్నీ ఇంటర్నెట్ మ్యాపులో స్వయంగా నేనే పెట్టుకున్నవని ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది.

నెలకు పది లీడ్లు, మూడు నెలల ప్యాకేజీ. నెలకు 5,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 5,900. లీడు అంటే వైరింగ్ పని చేయించుకోవాలనుకుంటున్న మనిషి పేరు, ఫోను నంబరు, ప్రాంతం, కావలసిన పని. ఒక్కోటి 590 రూపాయలు పడుతుంది. ముప్ఫైలో రెండు ఇళ్ళ పనులు కుదిరినా గిట్టుబాటవుతుందని లెక్క వేసుకున్నాను. లెక్కలో తప్పు లేదు.

మొదటి లీడు కరకంబాడి రోడ్డు వైపు కొత్త ఇల్లు. రెండంతస్తులు, త్రీఫేజ్ కనెక్షన్, మొత్తం వైరింగ్ అని రాసి ఉంది. ఉతికిన చొక్కా వేసుకుని, కొటేషన్ పుస్తకం పట్టుకుని వెళ్ళాను. గేటు ముందు అప్పటికే మూడు బైకులు ఉన్నాయి. లోపల మెట్ల దగ్గర టేపు పట్టుకుని కొలుస్తున్న కుర్రవాడు వెనక్కి తిరిగి చూసి, “అన్నా, మీరు కూడానా?” అన్నాడు. ఏడేళ్ళ కిందట నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. వాడికీ అదే సంస్థ, అదే లీడు, అదే ధర.

ఇంటాయన పెద్దమనిషి, రిటైరైన ఉద్యోగి. విసుగును దాచుకోలేకపోయారు. “పొద్దుటి నుంచి మీరు ఆరోవారు. ఎర్త్ పిట్‌కు ఎంత ఖర్చవుతుందో ఇంటర్నెట్‌లో చూద్దామని ఒక చోట నంబరు ఇచ్చాను, అంతే. అప్పటి నుంచి ఫోను కింద పెట్టనివ్వడం లేదు” అన్నారు. ఆయన వైరింగ్ పనిని అప్పటికే తన బావమరిది చూపించిన మేస్త్రీకి అప్పగించేశారు. ఆయన అడిగింది ఎర్త్ పిట్ గురించి, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే గుంట గురించి. మా ఆరుగురికీ అమ్ముడుపోయింది ‘రెండంతస్తుల మొత్తం వైరింగ్’.

ఒకే నంబరు ఆరుగురికి అమ్మితే నష్టం మన జేబుకు మాత్రమే కాదు. తిరుచానూరులో మరో ఇంటికి కొటేషన్ ఇచ్చాను. పవర్ పాయింట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, డీబీలో (ఇంట్లో కరెంటును పంచే పెట్టె) 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), రెండు ఎర్త్ పిట్లు వేశాను. ఆ ఇల్లాలు నాకంటే చాలా తక్కువకు ఇంకొకరు ఒప్పుకున్నారని చెప్పి ఆ కాగితం చూపించారు. అందులో ఆర్‌సీసీబీ లేనే లేదు, ఎర్త్ పిట్ ఒక్కటే. ఆ కాగితం ఇచ్చినవాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. అయిదుగురు పోటీదారులతో ఒకే గుమ్మం ముందు నిలబడితే అందరికంటే తక్కువ చెప్పాలి. తక్కువ చెప్పాలంటే ఇంటివాళ్ళ కంటికి కనిపించనిదే ముందు తీసేస్తారు. రేపు గీజర్ దగ్గర షాకు కొట్టినప్పుడు లీడు అమ్మినవాళ్ళు అక్కడ ఉండరు.

మూడు నెలల్లో వచ్చిన ముప్ఫై లీడ్లనూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. తొమ్మిది నంబర్లు స్విచాఫ్, లేదా ఎన్నిసార్లు చేసినా ఎత్తరు. ఏడుగురు పని చేయించుకునేవాళ్ళు కారు, పని అడిగేవాళ్ళు; ఐటీఐ చదివిన కుర్రాళ్ళు ‘ఎలక్ట్రికల్ పని తిరుపతి’ అని వెతికితే వాళ్ళను కస్టమర్లుగా నాకు అమ్మారు. అందులో ఒకడు, “సార్, జీతం ఎంత ఇస్తారు?” అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నవ్వేశాను. అయిదుగురికి ఒక ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) ధరో, సీలింగ్ ఫ్యాను మరమ్మతో కావాలి. ముగ్గురి ఇళ్ళలో పని ఎప్పుడో అయిపోయింది. ఒకాయన గృహప్రవేశం జరిగి మూడు నెలలైందని, భోజనానికి రమ్మని కూడా అన్నారు, పాపం.

నలుగురైతే ఈ రాష్ట్రంవాళ్ళే కారు. తిరుప్పూరువాళ్ళు. బనియన్ల కంపెనీ షెడ్డుకు లైటింగ్ కావాలని ఒకాయన తమిళంలో ఎంతో వివరంగా చెప్పారు. నాది పుత్తూరు కాబట్టి తమిళం వచ్చు, సరిపోయింది. తిరుపతికీ తిరుప్పూరుకీ తేడా తెలియని కంప్యూటర్‌కు నేను నాలుగుసార్లు 590 రూపాయల చొప్పున చెల్లించానన్నమాట. మిగిలిన ఇద్దరూ నిజమైన కస్టమర్లు. ఒకరు పైన చెప్పిన తిరుచానూరు ఇంటివారు. రెండోది డీబీ మార్పు, 6,400 రూపాయల బిల్లు. సామాను, కూలి పోగా మిగిలినది చెప్పుకుంటే సిగ్గు.

పనికిరాని లీడుకు బదులు ఇంకొకటి ఇస్తామని మొదట చెప్పారు కదా అని అడిగాను. ఇస్తారట, కానీ 48 గంటల్లోగా ఫిర్యాదు చేయాలి, అదీ ‘ఈ నంబరు వాడుకలో లేదు’ అని వస్తేనే. స్విచాఫ్ లెక్కలోకి రాదు, ఎత్తకపోవడం లెక్కలోకి రాదు, ‘పని అయిపోయింది’ అన్నా రాదు. ఇవన్నీ నేను చదవకుండా టిక్కు పెట్టిన నిబంధనల్లోనే ఉన్నాయి.

ఇక ఆటోపే సంగతి. చేరేటప్పుడు ‘రిజిస్ట్రేషన్ కోసం’ అని ఫోనుకు ఒక లింకు పంపారు. యూపీఐ పిన్ నొక్కాను. నేను ఒప్పుకున్నది మూడు నెలలకు. ఆ లింకులో ఉన్నది నెలనెలా డబ్బు తీసుకోవడానికి అనుమతి, ముగింపు తేదీ ఎక్కడో సంవత్సరాల అవతల. 15,000 రూపాయల లోపు మొత్తానికి ఆ తర్వాత ప్రతిసారీ పిన్ అడగరు. కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి, వచ్చింది కూడా. బ్రహ్మోత్సవాల ముందు లాడ్జీలవాళ్ళు పిలుస్తున్న హడావిడిలో నేనే చూడలేదు. నాలుగో నెల 5,900 పోయాక కానీ తెలియలేదు. ఇది చదువుతున్నవారు ఇప్పుడే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి చూడండి. మీకు తెలియకుండా ఏ అనుమతి కనిపించినా అక్కడే రద్దు చేయవచ్చు.

సంస్థకు ఫోను చేస్తే ఆ ‘సార్’ గొంతు మళ్ళీ వినిపించలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. రెండు వారాల తర్వాత నాలుగో నెల సొమ్ము వెనక్కి వచ్చింది. మొదటి మూడు నెలలది ఇవ్వబోమన్నారు; ‘లీడ్లు పంపించాం కదా’ అన్నది వాళ్ళ వాదన. వివాదాలేవైనా తమ నగరంలోని కోర్టుల్లోనే తేల్చుకోవాలని నిబంధనల్లో రాసుకున్నారు కానీ, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తాను నివసించే చోట, పని చేసే చోట కూడా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చిక్కు వేరే ఉంది. వ్యాపారం కోసం కొన్నవాణ్ణి ఆ చట్టం వినియోగదారుగా చూడదు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నవారికి మినహాయింపు ఉంది. నా ఇద్దరు వైర్‌మన్‌లను చూపించి నాది స్వయం ఉపాధి కాదని వాదిస్తారేమో. నోటుపుస్తకం, సందేశాల నకళ్ళు పట్టుకుని లాయరు దగ్గరికి వెళుతున్నాను.

ఇంకొకటి జరిగింది. డబ్బు వెనక్కి వచ్చిన వారానికే ఎవరో ఫోను చేసి, ‘మిగిలిన రీఫండ్ కూడా పంపిస్తున్నాం, యాప్‌లో వచ్చిన అభ్యర్థనను అంగీకరించి పిన్ కొట్టండి’ అన్నారు. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు. ఫోను పెట్టేశాను. ఒకవేళ కొట్టేసి ఉంటే వెంటనే చేయవలసింది సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను.

లీడ్లు అమ్మేవాళ్ళందరూ ఇంతేనని అనను. కానీ డబ్బు కట్టే ముందు మూడు విషయాలు సందేశం రూపంలో రాయించుకోండి. ఒక్కో లీడును ఎంతమందికి ఇస్తారు, ఆ మనిషి ఎప్పుడు ఎక్కడ ఏ పని అడిగాడు, ఏ కారణాలకు బదులు లీడు ఇస్తారు. రాసివ్వడానికి వెనకాడితే అక్కడే ఆపండి. నాకు ఇప్పటికీ పనులు తెచ్చేది మేస్త్రీలు, ఎలక్ట్రికల్ షాపుల కౌంటర్ల మీద కూర్చునేవాళ్ళు. కరకంబాడి రోడ్డులో కలిసిన కుర్రవాడు, నేను ఒక ఒప్పందానికి వచ్చాం. రేణిగుంట వైపు వచ్చిన పని వాడికి, చంద్రగిరి వైపుది నాకు.

నిన్న మళ్ళీ ఫోను వచ్చింది, వేరే గొంతు. ఈసారి సోలార్ లీడ్లట. మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది కాబట్టి జనం ఎగబడుతున్నారని, లీడు 900 మాత్రమేనని చెప్పుకొచ్చారు. ఆ సబ్సిడీ రావాలంటే ప్యానెళ్ళు బిగించేవాడు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన విక్రేత అయి ఉండాలి. నేను కాను. అవునా కాదా అని వాళ్ళు అడగనూ లేదు. “ఒక్కో నంబరును ఎంతమందికి అమ్ముతారు?” అన్నాను.

“మా మేనేజరు మాట్లాడతారు సార్, లైన్లో ఉండండి” అన్నారు. నాలుగు నిమిషాలు సంగీతం వినిపించాక లైను కట్టయింది.