మైకు ఆపాక మొదలైన రాజమండ్రి రాత్రి నడక

మా ఊరు అమలాపురానికి దగ్గర. చిన్నప్పటి నుంచి ఆసుపత్రికని, పెళ్ళిబట్టలకని, రైలెక్కడానికని రాజమండ్రికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. అన్నీ పగటి పనులే, అన్నీ బస్సులోనో ఆటోలోనో ముగిసిన ప్రయాణాలే. అందుచేత ఈ ఊరి పేటలను రాత్రిపూట కాలినడకన తిప్పి చూపిస్తామన్న ప్రకటన కనిపించగానే, తెలిసిన ఊళ్ళో దారి చూపించుకోవడం ఏమిటని ఇంట్లో వాళ్ళు నవ్వినా, మనిషికి ఐదు వందల రూపాయల రుసుము కట్టి పేరు నమోదు చేసుకున్నాను. 2015లో ఊరి పేరు అధికారికంగా రాజమహేంద్రవరమైంది గాని మా డెల్టావాళ్ళ నోట ఇంకా రాజమండ్రే పలుకుతుంది కనుక ఇక్కడా అలాగే రాస్తున్నాను. నిర్వాహకులు ఈ ఊరి యువకులే, ఉత్సాహవంతులు. వారి తప్పులు కొన్ని చెప్పవలసి ఉన్నందున సంస్థ పేరు మాత్రం రాయడం లేదు.

శనివారం సాయంత్రం ఆరున్నరకు పుష్కర ఘాట్ దగ్గర కలుసుకోమన్నారు. సరిగ్గా గోదావరి హారతి వేళ అది. హారతి చూడడానికి వచ్చిన జనంలో, మొక్కజొన్న పొత్తులవాళ్ళ మధ్య, ముంతకింద పప్పు బళ్ళ చుట్టూ వెతుక్కుని పద్దెనిమిది మందిమి ఒకచోట చేరేసరికి ఏడుంబావు అయింది. హారతి చూడదగినదే, కాదనను; కాని దానికి రుసుము కట్టి రానవసరం లేదు, ఎవరైనా వచ్చి మెట్ల మీద కూర్చుని చూడవచ్చు. రాత్రి నడక అని పేరు పెట్టి ఊళ్ళో అన్నిటికంటే వెలుగూ రద్దీ ఉన్న చోట మొదటి గంటను ఖర్చు చేయడం ఈ కార్యక్రమంలోని మొదటి లోపం.

రెండవ లోపం మైకు. మాకు దారి చూపిన అబ్బాయి మెడలో చిన్న స్పీకరు వేలాడదీసుకుని, ఆగిన ప్రతిచోటా కంఠస్థం చేసిన పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడాడు. రాజరాజనరేంద్రుడు, నన్నయ, కాటన్ దొర, అందరూ ఒకే ఊపులో వచ్చి వెళ్ళిపోయారు. ఆ ఊపులోనే హేవ్‌లాక్ వంతెనను కాటన్ దొర కట్టించాడని కూడా చెప్పాడు. స్నానం చేసేటప్పుడు సంకల్పంలో కాటన్‌ను తలుచుకునే పెద్దలున్న నేల నుంచి వచ్చినవాడిని కాబట్టి ఊరుకోలేకపోయాను. 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాటన్‌ది. ఆయన 1899లో కన్నుమూశాడు, హేవ్‌లాక్ వంతెన మీద రైలు నడిచింది 1900లో, దానికి ఉన్నది అప్పటి మద్రాసు గవర్నరు పేరు. ఇదంతా నెమ్మదిగా చెబితే ఆ అబ్బాయి నొచ్చుకోకుండా, "ఆయ్, మంచి మాట చెప్పారండి, దిద్దుకుంటానండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని మీద నాకు గౌరవం కలిగింది.

నిజానికి ఆ ఘాట్‌లో చెప్పవలసింది వేరే ఉంది, చెప్పకపోయినా చీకట్లో నిలబడితే తెలిసేది. రాజమండ్రి దగ్గర గోదావరి పారుతున్నట్టే కనిపించదు. దిగువన ధవళేశ్వరం బారేజీ నీటిని నిలవగట్టడం వల్ల వేసవిలో కూడా ఇక్కడ నది చెరువులా నిండుగా నిలిచి ఉంటుంది. అక్కడి నుంచే అది గౌతమిగా, వసిష్ఠగా చీలి, కాలువలుగా మా పొలాలదాకా వస్తుంది. ఎగువన రోడ్డు కం రైలు వంతెన, దిగువన కమానుల వంతెన, దాన్ని ఆనుకునే 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవ్‌లాక్. పగలు ఈ వంతెనలన్నీ ఒక ఫొటోలో ఇమిడిపోతాయి, రాత్రి మాత్రం వాటిని చెవితో వేరు చేయవలసి ఉంటుంది. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనలో పైన లారీలు, కింద ఇనుప చట్రంలో రైలు. ఆ మోత గలగలమని చెదిరి వస్తుంది. ఇరవై ఎనిమిది కాంక్రీటు కమానుల వంతెన మీద వెళ్ళే రైలుది బరువైన, ఏకధారగా సాగే ధ్వని. హేవ్‌లాక్ దగ్గర ఏ ధ్వనీ లేదు. ఈ తేడా వినడానికి ఐదు నిమిషాలు అందరినీ మౌనంగా నిలబెట్టి ఉంటే బాగుండేది; మైకు వల్ల అది సాధ్యపడలేదు.

అక్కడి నుంచి కోటగుమ్మం, మెయిన్ రోడ్డు. గుమ్మమూ లేదు, కోటా లేదు, పేరు మిగిలింది. తొమ్మిది దాటాక బంగారం కొట్ల షట్టర్లు ఒకటొకటిగా దిగుతుంటే, అంతవరకూ వాటి వెలుగులో కనబడకుండా పోయిన పాత మేడల పై అంతస్తులు, చెక్క కిటికీలు, సున్నపు పూతలు వీధిదీపాలకు బయటపడతాయి. పగలు ఈ రోడ్డున నడిచేవాడు తల ఎత్తలేడు, ఎత్తితే స్కూటరు కిందపడతాడు. నల్లమందు సందులోకి తిరిగినప్పుడు కొట్లు కట్టేసి, చీపుళ్ళతో ఊడ్చి, అట్టపెట్టెలు బొత్తులుగా కడుతున్న పనివాళ్ళు కనిపించారు. ఆ సందు పేరుకు మా దారిచూపరి చెప్పిన కథ నమ్మదగినదిగా తోచలేదు కనుక ఇక్కడ రాయడం లేదు.

నడక అసలు మలుపు తిరిగింది ఇన్నీసుపేటలో. పాత పెంకుటింటి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ మైకు ధ్వనికి లేచి వచ్చి, "కాస్త నెమ్మదిగా చెప్పుకోండి నాయనా, పసివాడు ఇప్పుడే కళ్ళు మూశాడు" అన్నారు. కోపంగా కాదు, మనింట్లో పెద్దవాళ్ళు అన్నట్టే అన్నారు. ఆ అబ్బాయి క్షమించమని చెప్పి మైకు ఆపేసి, స్పీకరు సంచిలో పెట్టుకున్నాడు. ఆ తరువాత అతని మాట వినాలంటే మేము దగ్గరగా నడవవలసి వచ్చింది, అతడు కూడా పాఠం మానేసి మామూలుగా మాట్లాడాడు. తన తాతగారు ఈ వీధిలో ఏ ఇంట్లో అద్దెకుండేవారో, గోదావరి పొంగినప్పుడు ఊళ్ళో వాళ్ళు గట్టు మీదికి వెళ్ళి నీటిమట్టం ఎలా చూసి వస్తారో, కరెంటు పోయిన రాత్రులు ఈ అరుగుల మీద ఏమేమి జరిగేవో చెప్పాడు. నా ఐదు వందలకు ప్రతిఫలం అక్కడి నుంచే మొదలైంది.

కందుకూరి వీరేశలింగం గారి ఇంటి ముందు మేము ఆగిన పావుగంట కోసమైనా ఈ నడకకు వెళ్ళవచ్చునంటాను. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే అని బడిలో చదువుకున్నాం. ఊరు వెలివేసినప్పుడు వంటవాళ్ళూ నీళ్ళు తెచ్చేవాళ్ళూ రాకపోతే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వండి వడ్డించారని చెబుతారు. ఈ మాట నాకు కొత్త కాదు. అయితే మూసిన ఆ గేటు ముందు నుంచి గట్టువైపు అదే రాత్రి నడిచి వెళ్ళినప్పుడు, ఖాళీ చేతులతో, తారురోడ్డు మీద, పక్కన మనుషులు ఉండగా, పది నిమిషాలకు తక్కువ పట్టలేదు. తిరుగుదారిలో నిండు బిందె చంకన ఉంటే ఎంతసేపు, మూసుకున్న ఎన్ని తలుపుల ముందు నుంచి? ఆ దూరం పుస్తకంలో లేదు. మాతో వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి మధ్యలో ఆగి, "ఎన్నిసార్లు తిరిగి ఉంటారండీ, పెళ్ళంటే ఒక్క బిందె సరిపోదు కదా" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆయనే 1890లో కట్టించిన టౌన్ హాలు దగ్గర ఎక్కువసేపు ఉండలేదు. గట్టు దగ్గరి దామెర్ల రామారావు చిత్రశాల ముందు ఆగడం మాత్రం వృథా అనిపించింది. ఇరవై ఎనిమిదో ఏటనే, 1925లో, మశూచికంతో పోయిన చిత్రకారుడి బొమ్మలు లోపల ఉన్నాయని తాళం వేసిన తలుపు ముందు నిలబెట్టి చెబితే చూసేవాళ్ళకు ఆకలి తప్ప మిగిలేది లేదు. పగలు వచ్చి చూడండని చెప్పి ముందుకు సాగితే సరిపోయేది.

ఆకలి సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. రుసుములో ఫలహారం కలిసి ఉందని ప్రకటనలో ఉంది. ఇచ్చినది ఒక బండి దగ్గర నాలుగు పునుగులు, అల్లం పచ్చడి, చిన్న గ్లాసు రోజ్ మిల్క్. పునుగులు వేడిగా, పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉన్నాయి, వంక పెట్టడానికి లేదు. కాని నాలుగు కిలోమీటర్లు నడిచిన మనిషికి అవి చాలవు. నేను విడిగా ఒక ఉప్మా పెసరట్టు కొనుక్కున్నాను. మరుగుదొడ్డి ఏర్పాటు ఘాట్ దగ్గర తప్ప మరెక్కడా లేదు. ముగ్గురు ఆడవాళ్ళు సగంలో వెనుదిరగడానికి కారణం అదేనని నా ఊహ. కుక్కల విషయంలో మాత్రం నిర్వాహకులను మెచ్చుకోవాలి: వెనకాల కర్రతో ఒక మనిషి చివరిదాకా ఉన్నాడు, ఒక్కరూ వెనకబడకుండా చూసుకున్నాడు. చెప్పులు గట్టివి వేసుకురమ్మని ముందే చెప్పి ఉండవలసింది, సందుల్లో మురుగుకాలువల పలకలు ఊగుతున్నాయి.

పదింటికి ముగుస్తుందన్నది పదీ నలభైకి ముగిసింది. ఊళ్ళోవాళ్ళకు ఇది పెద్ద విషయం కాదు గాని, అమలాపురం బస్సు పట్టుకోవలసిన నాలాంటి వాడికి ఆ నలభై నిమిషాలే రాత్రంతా అయ్యాయి. కాంప్లెక్స్‌కు చేరేసరికి నా బస్సు వెళ్ళిపోయింది. డెల్టా ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఉంటారని తెలిసి కూడా వేళ పాటించకపోవడం సరికాదని ఆ అబ్బాయికి ఫోనులో చెప్పాను. అతడు బండి మీద వచ్చి వాళ్ళింట్లో పడుకోమన్నాడు. నేను వద్దంటే, "అయితే పదండి సార్, ఎలాగూ మేలుకునే ఉంటారు" అని బండి కాంప్లెక్స్‌లోనే పెట్టి మళ్ళీ నడకకు తీసుకువెళ్ళాడు.

దసరా నవరాత్రులలో పౌరాణిక నాటకాలతో తెల్లవార్లూ కిక్కిరిసి ఉండే దేవీచౌక్‌లో ఒంటిగంట వేళ ఒక ఆవు, ఒక టీ బండి, మేము ఇద్దరం. మూడు దాటాక కడియపులంక వైపు నుంచి పూలమూటలతో ఆటోలు వచ్చాయి. తడిగోనెలు విప్పగానే బంతి, చామంతి వాసన వీధంతా పట్టింది. ఒకామె కింద కూర్చుని ఫోను వెలుతురులో మల్లెమొగ్గలను సోలతో కొలుస్తోంది. ఈ భాగం వారి కార్యక్రమంలో లేదు. హారతి గంటను తీసేసి రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి, పూల ఆటోలు వచ్చేదాకా నడిపించి, మొదటి బస్సు వేళకు కాంప్లెక్స్ దగ్గర వదిలితే ఎనిమిది వందలైనా కట్టి మళ్ళీ వస్తానని అతనితో అన్నాను. ప్రస్తుతానికి ఉన్నది ఉన్నట్టుగా ఐదింటికి మూడు మార్కులు. వెళ్ళేవాళ్ళు మైకు వద్దని మొదటే అడగండి.