ప్రకృతి ఫోటోగ్రఫీకి మొదటి డీఎస్ఎల్ఆర్ కొంటున్నారా? ‘కాంబో కిట్’లతో జాగ్రత్త

పక్షులను, సీతాకోకచిలుకలను, అడవులను ఫోటోలు తీయాలన్న కోరికతో మొదటి డీఎస్ఎల్ఆర్ కొనబోతున్నవారందరికీ ఈ హెచ్చరిక. కెమెరా బాడీ, రెండు మూడు లెన్సులు, ట్రైపాడ్, ఫిల్టర్లు, మెమరీ కార్డు, బ్యాగు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి, విడివిడిగా కొంటే అయ్యే ఖర్చుకన్నా చాలా తక్కువకు ఇస్తామనే ప్రకటన కనిపిస్తే, డబ్బు కట్టే ముందు అందులోని ప్రతి లెన్సు పేరును చివరి అక్షరం దాకా చదవండి. పూర్తి పేరు ఎక్కడా ఇవ్వకపోతే ఆ కాంబో జోలికి వెళ్ళకండి. దూరపు వస్తువును ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే 300 ఎంఎం అనే అంకెను పెద్దగా చూపించి, దాని పక్కన ఉండవలసిన రెండు మూడు అక్షరాలను మరుగున పెట్టడంలోనే ఈ వ్యాపారం లాభమంతా ఉంది.

నాకు జరిగింది ఇది. ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర నికాన్ ప్రారంభస్థాయి బాడీతో, 18-55 కిట్ లెన్సుతో (బాడీతో కలిపి ఇచ్చే మామూలు లెన్సు), ‘వీఆర్ ఉన్న 70-300 టెలీఫోటో’తో (దూరపు దృశ్యాన్ని దగ్గరగా చూపే లెన్సు) కూడిన కాంబో కొన్నాను. వచ్చిన పెట్టెలో 70-300 ఉంది, కానీ దాని మీద వీఆర్ అన్న అక్షరాలు లేవు. విక్రేతను అడిగితే రెండూ ఒకటేనని, జూమ్‌లో ఏ తేడా ఉండదని సమాధానం వచ్చింది. తిరిగి పంపుతానంటే పెట్టె సీలు తెరిచారు కాబట్టి కుదరదన్నారు. సీలు తెరవకుండా లోపల ఏ లెన్సు ఉందో ఎవరికైనా ఎలా తెలుస్తుందో వారు చెప్పలేదు. వారంటీ కార్డు తయారీదారుది కాదు, విక్రేత సొంతంగా అచ్చువేసుకున్నది. బాడీ వేరే దేశపు మార్కెట్‌కు ఉద్దేశించినదనీ, దానికి తమ వారంటీ వర్తించదనీ అధీకృత సర్వీసు కేంద్రంలో సీరియల్ నంబరు చూసి తేల్చారు.

వీఆర్ అంటే చేతి వణుకును లెన్సులోనే సరిదిద్దే ఏర్పాటు. కానన్ దీన్ని ఐఎస్ అంటుంది, టామ్రాన్ వీసీ అంటుంది, సిగ్మా ఓఎస్ అంటుంది. నికాన్ ఏఎఫ్-పి డీఎక్స్ 70-300 ఎంఎం ఎఫ్/4.5-6.3జి లెన్సు వీఆర్‌తో ఒకటి, వీఆర్ లేకుండా ఒకటి, రెండు రకాలుగా వచ్చింది. పక్కపక్కన పెట్టి చూసినా కొత్తవారికి తేడా తెలియదు, ఎందుకంటే వీఆర్ ఉన్న రకానికి కూడా లెన్సు మీద స్విచ్చు ఉండదు. దాన్ని ఆపడం, పనిచేయించడం కెమెరా మెనూలోనే జరుగుతుంది. లెన్సు మీద ముద్రించిన ఆ రెండు అక్షరాలే గుర్తు.

ఆ అక్షరాలు లేనందువల్ల పోయేది చిన్నదేమీ కాదు. ఏపీఎస్-సి అనే చిన్న సెన్సారు ఉన్న నికాన్ కెమెరాలో 300 ఎంఎం లెన్సు, పెద్దదైన ఫుల్‌ఫ్రేమ్ సెన్సారులో 450 ఎంఎం చూపించేంత దృశ్యాన్నే చూపిస్తుంది (కానన్‌లో అయితే 480). చేతితో పట్టుకుని తీసేటప్పుడు వణుకు కనిపించకుండా ఉండాలంటే షటర్ స్పీడ్ (సెన్సారు మీద వెలుతురు పడనిచ్చే సమయం) కనీసం 1/500 సెకను దాకా ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఉదయపు నీడలో, చెట్ల కింద, ఎఫ్/6.3 అపర్చర్ దగ్గర (అపర్చర్ అంటే లెన్సులో వెలుతురు వచ్చే ద్వారం; అంకె పెద్దదైతే ద్వారం చిన్నది) ఆ స్పీడు కావాలంటే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 3200 దాటిపోతుంది, పిట్ట రెక్కల మీది సన్నని గీతలన్నీ నాయిస్‌లో, అంటే బొమ్మ మీది గరుకు చుక్కల్లో కలిసిపోతాయి. అదే వీఆర్ ఉంటే కదలకుండా కూర్చున్న పిట్టను 1/125 దగ్గర కూడా తీయవచ్చు, అంటే ఐఎస్ఓ రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు సగం చొప్పున) దిగి 800కు దగ్గరగా వస్తుంది. ఎగిరే పక్షికి మాత్రం వీఆర్ సాయపడదు, ఎందుకంటే అక్కడ ఆపవలసింది మన చేతి వణుకును కాదు, రెక్కల వేగాన్ని. దానికి 1/1600 లేదా అంతకు మించిన స్పీడే కావాలి. కానీ కొత్తగా మొదలుపెట్టేవారు తీసేవాటిలో ఎక్కువ భాగం కొమ్మ మీద కూర్చున్న పిట్టలే, అదీ వెలుతురు తక్కువగా ఉండే పొద్దుటిపూట, సాయంత్రంపూట.

కానన్ కాంబోలలో ఇదే పని 75-300 మూడో రకం లెన్సుతో జరుగుతుంది. దానికి ఐఎస్ లేదు, 300 దగ్గర అపర్చర్ పూర్తిగా తెరిస్తే బొమ్మ మెత్తగా వస్తుంది, 1.5 మీటర్లకన్నా దగ్గర ఉన్నదాని మీద ఫోకస్ కాదు. అదే కంపెనీ ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం లెన్సు 0.85 మీటర్ల దగ్గర కూడా ఫోకస్ అవుతుంది, వణుకును సరిదిద్దుతుంది, బొమ్మ స్పష్టంగా ఇస్తుంది. 250 కన్నా 300 పెద్దది కదా అన్న ఒక్క ఆలోచనతో ఈ మంచి లెన్సును వదిలేసి మొదటిదాన్ని తీసుకునేవారు చాలామంది. వారిని ఆ దారి పట్టించడానికే ప్రకటనలో అంకెను అంత పెద్ద అక్షరాలతో వేస్తారు.

విడిగా లెన్సు కొనేవారికి, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి, అక్షరాల ప్రమాదం ఇంకా ఎక్కువ. నికాన్ డి3000, డి5000 వరుసల బాడీలలో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్సులు బాడీలోని మోటారు మీదే ఆధారపడతాయి కాబట్టి, వాటిని ఈ బాడీలకు తగిలిస్తే ఆటోఫోకస్ పనిచేయదు, ప్రతిసారీ చేతితో తిప్పుకోవాలి. లెన్సులోనే మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ రకం అయితే ఇబ్బంది లేదు. ఇందుకు తలకిందులైన చిక్కు ఏఎఫ్-పి లెన్సులతో ఉంది: డి90, డి3100, డి3200, డి5100, డి7000 వంటి పాత బాడీలలో అవి ఫోకస్ కానే కావు, చేతితో తిప్పినా కావు, ఎందుకంటే వాటి ఫోకస్ రింగు కూడా విద్యుత్ సంకేతంతోనే నడుస్తుంది. కానన్ మౌంటు (లెన్సును బాడీకి బిగించే అమరిక) ఉన్న కొన్ని పాత సిగ్మా లెన్సులు తర్వాతి కాలపు డిజిటల్ బాడీలలో అపర్చర్ దగ్గర ఆగిపోయి ఎర్రర్ చూపిస్తాయి. ‘నికాన్‌కు సరిపోతుంది’, ‘కానన్‌కు సరిపోతుంది’ అన్న మాటకు బిగించవచ్చు అన్నంతవరకే అర్థం. మీ బాడీ మోడల్ పేరు చెప్పి, ఆటోఫోకస్, అపర్చర్ రెండూ పనిచేస్తాయా అని రాతపూర్వకంగా అడగండి.

కాంబోలో ‘మూడు లెన్సులు’, ‘నాలుగు లెన్సులు’ అని లెక్క పెంచడానికి వాడే వస్తువు మరొకటి ఉంది. 2.2ఎక్స్ టెలీఫోటో, 0.43ఎక్స్ వైడ్ యాంగిల్ అన్న పేర్లతో వచ్చే ఈ గాజు ముక్కలను కిట్ లెన్సు ముందు ఫిల్టరులాగా బిగిస్తారు. వీటితో అంచుల వెంట రంగుల చారలు, మూలల్లో మసక తప్ప మరేమీ రాదు. నిజమైన టెలీకన్వర్టరు బాడీకి, లెన్సుకు మధ్య బిగుసుకుంటుంది, 1.4ఎక్స్ ఒక స్టాపు వెలుతురును, 2ఎక్స్ రెండు స్టాపుల వెలుతురును తినేస్తుంది. ప్రారంభస్థాయి డీఎస్ఎల్ఆర్‌లలో ఆటోఫోకస్ నమ్మకంగా పనిచేయాలంటే అపర్చర్ సుమారు ఎఫ్/5.6 దాకా ఉండాలి కాబట్టి, మామూలు 70-300కు టెలీకన్వర్టరు తగిలించడం వల్ల ప్రయోజనం లేదు. తక్కువ ధరకు దొరికే 420-800 ఎంఎం ఎఫ్/8.3-16 జూమ్‌లు, 500 ఎంఎం ఎఫ్/8 మిర్రర్ లెన్సులు పూర్తిగా చేతి ఫోకస్‌వి. ఆ అపర్చర్ల దగ్గర వ్యూఫైండరు చీకటిగా మారుతుంది. ఈ బాడీలలోని చిన్న వ్యూఫైండరులో కదిలే పక్షి కంటి మీద ఫోకస్ కుదిరిందో లేదో పోల్చుకోవడం అనుభవం ఉన్నవారికే కష్టం.

పువ్వులు, పురుగుల మీద ఆసక్తి ఉన్నవారు జూమ్ లెన్సు మీద ‘మాక్రో’ అని రాసి ఉండగానే సంతోషపడకండి. అసలైన మాక్రో లెన్సు 1:1 నిష్పత్తి ఇస్తుంది, అంటే ఏపీఎస్-సి కెమెరాలో సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పున్న వస్తువు ఫ్రేమంతా నిండుతుంది. జూమ్‌ల మీది మాక్రో చాలాసార్లు 1:4 దగ్గర ఆగిపోతుంది. సీతాకోకచిలుకకు అది చాలు, చీమకు చాలదు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (బాడీకి, లెన్సుకు మధ్య బిగించే బోలు గొట్టాలు) మంచి మార్గమే, కానీ విద్యుత్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి. అవి లేని ట్యూబులతో కెమెరా నుంచి అపర్చర్‌ను మార్చడం కుదరదు.

ఇక బాడీ సంగతి. మెగాపిక్సెళ్ళు ఎన్ని అన్నదాని కన్నా ఫోకస్ పాయింట్లు ఎన్ని, సెకనుకు ఎన్ని ఫ్రేములు (ఫోటోలు) అన్నవి చూడండి. కానన్ 1500డిలో 9 పాయింట్లు, సెకనుకు 3 ఫ్రేములు. నికాన్ డి3500లో 11 పాయింట్లు, 5 ఫ్రేములు. ప్రకృతి దృశ్యాలకు, పువ్వులకు ఇవి చక్కగా సరిపోతాయి. పక్షులే ముఖ్యమనుకుంటే, 51 పాయింట్లు, 6 ఫ్రేములు, బాడీలోనే ఫోకస్ మోటారు ఉన్న నికాన్ డి7200 గానీ, 45 పాయింట్లు, 7 ఫ్రేములు ఉన్న కానన్ 80డి గానీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, మిగిలిన డబ్బును మంచి టెలీఫోటో మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. ఈ రెండింటిలో ఫోకస్ సవరణ మెనూ కూడా ఉంది; లెన్సు ప్రతిసారీ కొంచెం ముందో వెనకో ఫోకస్ చేస్తుంటే మనమే దిద్దుకోవచ్చు. కిందిస్థాయి బాడీలలో ఆ అవకాశం లేదు.

కానన్, నికాన్ రెండూ 2018లో ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (డీఎస్ఎల్ఆర్‌లో ఉండే అద్దం లేని) కెమెరాలకు కొత్త మౌంట్లు తెచ్చి, క్రమంగా అటే మళ్ళాయి. డి3500, డి5600 వంటి మోడళ్ళ తయారీ ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు ‘సరికొత్తది’ అని వాటిని అమ్ముతుంటే, అది పాత నిల్వో, వేరే మార్కెట్ నుంచి తెచ్చినదో, తెరిచి మళ్ళీ సర్దిన పెట్టెనో విచారించడం అవసరం. డీఎస్ఎల్ఆర్ కొనడమే తప్పని నేననను. మంచి లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతున్నందువల్ల కొత్తవారికి ఇది ఇప్పటికీ మేలైన దారే. కానన్ ఈఎఫ్ లెన్సులు రేపు అడాప్టరుతో ఆర్ఎఫ్ అనే కొత్త మౌంటు ఉన్న మిర్రర్‌లెస్ బాడీ మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. డీఎస్ఎల్ఆర్ లెన్సులను మిర్రర్‌లెస్ బాడీకి తగిలించే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టరులో మాత్రం మోటారు లేదు కాబట్టి ఏఎఫ్-డి లెన్సులకు అక్కడ కూడా ఆటోఫోకస్ ఉండదు.

సెకండ్ హ్యాండ్ లెన్సును చీకటి గదిలో, వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు దారాల్లా పాకిన గీతలు కనిపిస్తే అది ఫంగస్. పైపైన శుభ్రం చేసినా గాజు మీది పూతను అది అప్పటికే తినేసి ఉండవచ్చు, కాబట్టి ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి. నికాన్‌లో షటర్ ఎన్నిసార్లు పనిచేసిందో ఫోటో ఫైలులోనే నమోదవుతుంది. అమ్మేవారిని ఆ రోజు తీసిన, మార్పులు చేయని ఒక ఫోటో పంపమంటే తెలిసిపోతుంది. కానన్‌లో చాలా మోడళ్ళు ఆ సంఖ్యను ఫోటోలో రాయవు, దానికి విడిగా సాఫ్ట్‌వేర్ కావాలి. ప్రారంభస్థాయి బాడీల షటర్‌ను సాధారణంగా 1,00,000 సార్లకు పరీక్షించి ఉంటారు. ఆ తర్వాత వెంటనే పాడవుతుందని కాదు గానీ, ధర మాట్లాడేటప్పుడు ఆ సంఖ్య మీ చేతిలో ఉండాలి. ట్రైపాడ్ మీద పెట్టి, అక్షరాలున్న ఒకే కాగితాన్ని వ్యూఫైండరు ద్వారా ఒకసారి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఒకసారి ఫోకస్ చేసి తీసి పోల్చండి. లైవ్ వ్యూ ఫోటో మాత్రమే స్పష్టంగా వస్తే ఫోకస్ అమరికలో దోషం ఉన్నట్టే.

కాంబోలోని మిగతా సామాను గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పేరులేని యూవీ ఫిల్టరును టెలీఫోటో ముందు పెడితే స్పష్టత తగ్గుతుంది. ప్లాస్టిక్ ట్రైపాడ్ టెలీఫోటో బరువుకు ఊగుతుంది. మెమరీ కార్డు నకిలీదైతే మీద రాసిన సామర్థ్యం లోపల ఉండదు, నిండే సమయానికి ఫోటోలు పాడైపోతాయి, కాబట్టి మొదటి రోజే పూర్తిగా నింపి సరిచూడండి. బ్యాటరీ అసలుదో కాదో కూడా అప్పుడే చూసుకోండి; కాంబో కోసం పెట్టె విప్పినప్పుడు ముందుగా మార్చేది దాన్నే.

చివరిగా, డబ్బు కట్టే ముందు ప్రకటన పేజీ మొత్తాన్ని, విక్రేతతో జరిగిన సంభాషణతో సహా, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. పెట్టె సీలు తెరవడం నుంచి లెన్సు మీది అక్షరాలు, సీరియల్ నంబరు కనిపించేదాకా ఆపకుండా వీడియో తీయండి. నా విషయంలో ఫిర్యాదు చేసిన తర్వాత విక్రేత ప్రకటనలోంచి ‘వీఆర్’ అన్న మాటను తీసేశాడు, ఇప్పుడు ఆ పేజీలో 70-300 అని మాత్రమే ఉంది. ముందుగా దాచిన స్క్రీన్‌షాట్ ఉండబట్టే చెల్లింపు సంస్థ నా ఫిర్యాదును విచారణకు తీసుకుంది.