షియాన్‌లో ఒక్క రోజు: గైడు పగలు కావాలా, రాత్రి కావాలా?

చైనాలోని షియాన్‌లో ఒక్క రోజే ఉంటాం, గైడును పెట్టుకోమంటారా అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. నేను రెండు రకాలుగానూ తిరిగాను. మొదటిసారి ముప్ఫైమందితో టూరు బస్సులో వెళ్లాను. రెండోసారి అమ్మనీ చిన్నాన్ననీ వెంటబెట్టుకుని పగలంతా మేమే తిరిగాం, సాయంత్రం తిండికి మాత్రం మూడు గంటలు గైడును పెట్టుకున్నాం. రోజంతా మనకే ఒక గైడు, ఒక కారు అనే మూడో పద్ధతీ ఉంది. ఎక్కువ నడవలేని పెద్దవాళ్లుంటే ఇంకేం ఆలోచించకుండా అదే తీసుకోండి. తేల్చుకోవాల్సింది మిగతా రెండిటి మధ్యే.

ముందు టూరు బస్సు సంగతి. చైనా తొలి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైనికులున్న చోటు ఊళ్లో లేదు, తూర్పున లిన్‌టోంగ్ వైపు దాదాపు 40 కిలోమీటర్లు పోవాలి. టికెట్టు 120 యువాన్లు, అదీ పాస్‌పోర్టు నంబరు మీద ముందే తీసుకోవాలి. బస్సు ఎక్కితే ఈ తలనొప్పులు మనకుండవు, ఆ సుఖాన్ని తీసిపారేయను. కానీ మా బస్సు దారిలో "పదే పది నిమిషాలు" అంటూ ఒక బొమ్మల కార్ఖానా ముందు ఆగింది. అరగజం సైనికుడు ఇంత, నిలువెత్తు సైనికుడు ఇంత, ఓడలో ఇంటికి పంపిస్తామని బేరాలు. తెమిలేసరికి గంట దాటింది. అసలు చోటికి చేరింది పదకొండింటికి, అంటే జనం సరిగ్గా కిక్కిరిసే వేళకి. సైనికుల్ని తవ్వి తీసిన గుంతల్లో ఒకటోదాని దగ్గర నాకు కనిపించింది ఎదుటివాళ్లు ఎత్తిపట్టిన ఫోన్లే. 1974లో బావి తవ్వుతున్న రైతులకి ఇవి బయటపడ్డాయనీ, మొత్తం 8,000 దాకా ఉండొచ్చనీ, చక్రవర్తి సమాధిని మాత్రం ఇంతవరకూ తెరవలేదనీ గైడు మైకులో చెప్పుకుంటూ పోయాడు. అందులో నేను ముందే చదవనిది ఒక్క ముక్క లేదు.

రెండోసారి మెట్రో తొమ్మిదో లైన్లో హువాచింగ్ చీ స్టేషన్‌దాకా వెళ్లి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకున్నాం. ఇంటి దగ్గరే అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌కి మన కార్డు తగిలించుకుని వెళ్తే మెట్రోకీ బస్సుకీ అదే సరిపోతుంది. రైల్వే స్టేషన్ ముందు "సైనికులు, సైనికులు" అని కేకలేసే వాళ్ల బండి మాత్రం ఎక్కకండి. గేటు తీసే వేళకి చేరాం కాబట్టి ఒకటో గుంత ముందు అమ్మ కటకటాలు పట్టుకుని తీరిగ్గా నిలబడగలిగింది. 230 మీటర్ల పొడవు గుంత, వరసలు వరసలుగా మొహాలు. "ఒక్క మొహానికి ఇంకో మొహానికి పోలిక లేదురా" అని గొణుక్కుంటూనే ఉంది.

రెండో గుంతలో దొరికిన మోకరించిన విలుకాడిని వదలొద్దు. అద్దాల పెట్టెలో ఉంటాడు. వెనక్కి వెళ్లి వంగి చూడండి. కుడి అరికాలు పైకి తిరిగి ఉంటుంది, చెప్పు అడుగున కుట్లు కనిపిస్తాయి. వేళ్ల దగ్గరా మడమ దగ్గరా ఒత్తుగా, మధ్యలో పలచగా. రెండువేల రెండువందల ఏళ్ల కిందటి చెప్పు కుట్లు! టూరు బస్సు వాళ్లం ఆ పెట్టె పక్కనుంచే నడిచిపోయాం. సమాధి దగ్గర తవ్వకాల్లో దొరికిన కంచు రథాలు ఇప్పుడు ఆ సమాధి పక్కనే వేరే మ్యూజియంలో ఉన్నాయి. అదే టికెట్టు మీద షటిల్ బస్సు తీసుకెళ్తుంది, తిరిగి చూసే ఓపిక ఉండాలంతే. మరీ వివరణ కావాలంటే గేటు దగ్గరే రెండు గంటలపాటు తిప్పి చూపించే గైడు దొరుకుతాడు.

మధ్యాహ్నం పెద్ద బాతు పగోడాకి వెళ్లాం. మన హ్యుయాన్‌త్సాంగ్ భారతదేశం నుంచి 645లో తెచ్చిన గ్రంథాల్ని దాచడానికి 652లో కట్టించింది ఇదే. ఆయన తిరుగు ప్రయాణానికి ముందు మన ధాన్యకటకంలోనూ, అంటే ఇప్పటి అమరావతి దగ్గర, ఆగాడు, ఆంధ్ర దేశం గురించీ రాసుకున్నాడు. ఇది ఇక్కడి గైడు చెప్పే మాట కాదు. అమరావతి నుంచి వచ్చానని చిన్నాన్నే పగోడా ముందున్న హ్యుయాన్‌త్సాంగ్ విగ్రహానికి చెప్పుకుని దండం పెట్టాడు.

ఇక తిండి. డబ్బు పెట్టి గైడును తెచ్చుకోవాల్సింది ఇక్కడే, నా లెక్కలో. చరిత్ర ఇంటి దగ్గర చదువుకుని పోవచ్చు, బండి మీద బోర్డు చదువుకుని పోలేం కదా. అమ్మ మాంసం ముట్టదు, చిన్నాన్న మేకా గొర్రె తప్ప ఇంకేదీ తినడు. ఇక్కడ ఫోన్‌లోని అనువాదం నిలువునా ముంచుతుంది. 'రో' అంటే మాంసం అని చూపించి ఊరుకుంటుంది. మామూలు చైనా హోటల్లో ఉత్త 'రో' అంటే పందిమాంసమే. డ్రమ్ టవర్ వెనక హుయ్ ముస్లింల వీధుల్లో పంది ఊసే ఉండదు, అక్కడ అయితే గొడ్డుమాంసం, లేకపోతే గొర్రె. రొట్టె చీల్చి మాంసం కూరిన రోజియామోలో మాంసం ఊళ్లో ఒకటి, ఆ వీధిలో మరొకటి. 'యాంగ్‌రో', అంటే గొర్రె లేదా మేక మాంసం, అని అడగాలని మాకు నేర్పింది గైడమ్మాయే.

ఆమె మమ్మల్ని పెద్ద వీధిలో ఆపలేదు, సాజిన్‌చియావ్ అనే వీధి వైపు నడిపించింది. అక్కడ యాంగ్‌రో పావోమో. ఖాళీ గిన్నె, రెండు గట్టి రొట్టెలు ముందు పెట్టి వెళ్లిపోతారు. రొట్టెని శనగగింజంత ముక్కలుగా మనమే తుంచాలి. చిన్నాన్న పెద్ద పెద్ద ముక్కలు వేస్తుంటే పక్క బల్ల ముసలాయన తల అడ్డంగా ఊపి, తన గిన్నె వంచి చూపించాడు. మళ్లీ తుంచాడు పాపం, ఇరవై నిమిషాలు. తర్వాత గిన్నె వంటింట్లోకి వెళ్లి గొర్రె పులుసులో ఉడికి, పైన మాంసం ముక్కలతో వస్తుంది, పక్కన తీపి ఊరగాయ వెల్లుల్లి. పాతబస్తీ నహారీకి అలవాటుపడ్డ నాలిక దీన్ని ఇట్టే పట్టేస్తుంది. కారం తక్కువంతే.

అమ్మకి బియాంగ్ బియాంగ్ నూడిల్స్, మాంసం లేకుండా. నడుం పటకా అంత వెడల్పు పిండి పట్టీల మీద ఎండుకారం, ఉల్లికాడలు పోగేసి, ఆ పోగు మీద మరిగే నూనె పోస్తారు. ఛుయ్‌మంది. "ఇది మనింటి తాలింపు చప్పుడేరా" అంది అమ్మ. లియాంగ్‌పీ అనే చల్లటి పుల్లటి నూడిల్స్, పెర్సిమన్ పండు గుజ్జుతో చేసి నూనెలో వేయించే తీపి బిళ్లలు కూడా ఆమెకి సరిపడ్డాయి. ఆ బిళ్లలు మన బూరెలకి చుట్టాలే.

పూర్తి శాకాహారులైతే, ఉల్లి వెల్లుల్లి కూడా వద్దనుకుంటే, ఈ తిండి నడకకి డబ్బు పెట్టకండి. ఆ సాయంత్రం 54 యువాన్లతో కోటగోడ ఎక్కి, దక్షిణ ద్వారం దగ్గర సైకిలు అద్దెకి తీసుకోండి. చుట్టూ 13.7 కిలోమీటర్లు. గచ్చు మీద రాళ్లు కాస్త కుదుపుతాయి, సీటు చూసి తీసుకోండి.