గ్యాస్ డిటెక్టర్ల క్యాలిబ్రేషన్ అని చెప్పి కాగితాలు అమ్ముతున్నారు, చూసుకోండి

హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, పాశమైలారం యూనిట్లన్నీ తిరిగే ఆ క్యాలిబ్రేషన్ (ఎంతుందో తెలిసిన గ్యాస్ పెట్టి, డిటెక్టర్ సరిగ్గా చూపిస్తుందో లేదో చూసి సరిచేయడం) పార్టీ సంగతే. పేరు రాయను, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది. మా ఈటీపీలో (వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు), స్క్రబ్బర్ (విషవాయువుల్ని కడిగే యూనిట్) దగ్గర కలిపి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుకి పన్నెండు డిటెక్టర్లు. 0-100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో) రేంజ్, గ్యాస్ తగిలితే కరెంటు పుట్టించే ఎలక్ట్రోకెమికల్ సెల్, ఆ రేంజ్‌కి తగ్గట్టు ప్యానెల్‌కి 4-20 మిల్లీయాంప్ అవుట్‌పుట్. అలారం 10కి, 15కి. ఆడిట్ నెత్తి మీదుంది, మిగతావాళ్ళు అడిగినదాంట్లో సగానికే చేస్తానన్నాడు, పీవో (ఆర్డర్) వెళ్ళిపోయింది. సగం రేటుకి గ్యాస్ ఖర్చే రాదు కదా అని ఒక్కరికీ తట్టలేదు, బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. సంచీలో 25 పీపీఎం గ్యాస్ సిలిండర్ ఉంది, 58 లీటర్లది. దాన్ని ప్రతి డిటెక్టర్ పక్కనా పెట్టి ఫొటో తీశారు. అంతే, దాని పని అయిపోయింది! ఆ తర్వాత మూత విప్పి, సిగ్నల్ వైరు పీకి, దాని చివర లూప్ క్యాలిబ్రేటర్ (కొలిచి కరెంటు ఇచ్చే పరికరం) తగిలించి 4, 8, 12, 16, 20 మిల్లీయాంప్ ఇస్తూ పోయారు. కంట్రోల్ రూమ్ ప్యానెల్లో 0, 25, 50, 75, 100 పడ్డాయి. పడక ఏం చేస్తాయి? 8 మిల్లీయాంప్ ఇస్తే ప్యానెల్ 25 చూపించాల్సిందే. దాంతో తెలిసేది వైరు బాగుందని, ప్యానెల్ కార్డు బాగుందని. సెల్‌కి గ్యాస్ వాసన కూడా తగల్లేదు. దీన్ని లూప్ చెక్ అంటారు, చేయాల్సిన పనే, కానీ క్యాలిబ్రేషన్ కాదు.

గ్యాస్ ఎందుకు పెట్టడం లేదని అడిగితే వచ్చిన జవాబు: "గ్యాస్ పెడితే సెన్సర్ ఖరాబైతది అన్నా, అన్ని కంపెనీల్ల గిట్లనే చేస్తం." వంద పీపీఎం దాకా కొలవడానికి తయారైన సెల్ 25 పీపీఎం మూడు నిమిషాలు తగిలితే ఖరాబవుతుందట! వాళ్ళ సార్‌కి ఫోన్ కలిపితే ఇంకో మెట్టు పైకెక్కాడు. "మీకు ఆడిట్‌కి సర్టిఫికెట్ కావాలా, సెన్సర్ పని చెయ్యడం కావాలా? మేం కోట్ చేసింది సర్టిఫికెట్‌కే. గ్యాస్ పెట్టి చెయ్యాలంటే రేటు వేరే." ఇంత నిజాయితీగా మోసం చేసేవాళ్ళు దొరకడం కూడా అదృష్టమే అనుకోవాలి.

సర్టిఫికెట్లు మాత్రం మెయిల్లో ఠంచనుగా వచ్చాయి. పన్నెండింటికీ ఇచ్చిన గ్యాస్ 25.0, చూపించింది 25.0, తేడా 0.0. పరిసర ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, తేమ 50 శాతం. మే నెల మధ్యాహ్నం, ఆరుబయట ఈటీపీలో, 25 డిగ్రీలు! అన్నిటికంటే గొప్పది ఏడో నంబరు. దాని సెల్ ముందే చచ్చిపోతే పీకేసి, కొత్తది వచ్చేదాకా ఖాళీ హెడ్ వదిలేశాం. ఆ ఖాళీ హెడ్ కూడా 25.0 చూపించి పాసైంది. కరెంటు వైరులోకి నేరుగా ఇస్తే సెల్ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి.

సిలిండర్ గేజ్ లెక్క కూడా చూడండి. సెల్‌కి నిమిషానికి అర లీటరు చొప్పున మూడు నిమిషాలు గ్యాస్ ఇస్తే ఒక్కో డిటెక్టర్‌కి లీటరున్నర. పన్నెండింటికి 18 లీటర్లు. నిండు 58 లీటర్ల సిలిండర్లో ముల్లు మూడో వంతు దిగాలి. వచ్చేటప్పుడు ఎక్కడుందో పోయేటప్పుడూ అక్కడే. పైగా లేబుల్ మీద ఎక్స్‌పైరీ దాటిపోయింది. ఒకవేళ ఆ గ్యాసే పెట్టి ఉన్నా తంటానే. హైడ్రోజన్ సల్ఫైడ్ సిలిండర్ గోడలకి పట్టుకుని తగ్గిపోతుంది. లోపల 15 పీపీఎమ్మే మిగిలినా దాన్ని 25 అనుకుని స్పాన్ కొడితే (రీడింగ్‌ని 25కి సర్దితే) డిటెక్టర్ అప్పటినుంచి ఎక్కువ చూపిస్తుంది, ఊరికే హూటర్లు మోగుతాయి, విసుగొచ్చి ఎవరో ఒకరు అలారాన్ని బైపాస్‌లో పెట్టేస్తారు.

తర్వాత వేరే చోటినుంచి తాజా 25 పీపీఎం తెప్పించి పెడితే అసలు బొమ్మ కనబడింది. కొన్ని 20 పైన చూపించాయి, సరే. ఒకటి 14 దగ్గర ఆగింది, ఇంకొకటి 9 దాటలేదు. అంటే ఈ చివరిది 25 పీపీఎం గాలిలో నిలబడ్డా మొదటి అలారం కూడా కొట్టదన్నమాట. రెండు మాత్రం సున్నా దగ్గర్నుంచి కదలనేలేదు. ఈ సెల్స్‌తో ఉన్న ప్రమాదమే అది. ఎండలకి లోపల ఎలక్ట్రోలైట్ ఆరిపోయినా, ముందు ఫిల్టర్ దుమ్ముతో పూడిపోయినా ఫాల్ట్ చూపించాలని లేదు. చచ్చిన సెల్ కరెంటు ఇవ్వదు, ట్రాన్స్‌మిటర్ 4 మిల్లీయాంప్ పంపిస్తుంది, ప్యానెల్ సున్నా చూపిస్తుంది, షిఫ్ట్ వాళ్ళు అంతా సేఫ్ అనుకుంటారు. ముక్కుని నమ్ముకుందామంటే వంద పీపీఎం దగ్గర వాసనే తెలియకుండా పోతుంది. ఫ్యాక్టరీల చట్టం ఎనిమిది గంటలకి 10 పీపీఎం, పావుగంటకి 15 పీపీఎం అని ఊరికే పెట్టలేదు.

అన్నట్టు, పోతూ పోతూ లోపలి మంట బయటికి రాకుండా ఆపే ఫ్లేమ్‌ప్రూఫ్ మూతలు రెండింటికి సగం బోల్టులే బిగించారు. ప్యానెల్లో రెండు చానెళ్ళు ఇన్హిబిట్‌లోనే (అలారం మోగకుండా ఆపి) వదిలేశారు. ఇవి ఫ్రీ సర్వీస్.

చేయించుకునేవాళ్ళు కనీసం ఇవి చూసుకోండి. సిలిండర్ లేబుల్, ఎక్స్‌పైరీ, గేజ్ ముల్లు పని మొదలుకాకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి మీ ఫోన్లో ఫొటో తీయండి, వాళ్ళ ఫోన్లో కాదు. రెగ్యులేటర్ స్టెయిన్‌లెస్ స్టీల్ అయి ఉండాలి, ట్యూబ్ టెఫ్లాన్‌ది, పొట్టిగా. ఇత్తడి రెగ్యులేటర్, బారెడు సిలికాన్ ట్యూబ్ తెస్తే గ్యాస్ దారిలోనే తగ్గిపోతుంది. జీరో (సున్నా సెట్టింగ్) సింథటిక్ ఎయిర్‌తో, అంటే సిలిండర్లో వచ్చే శుభ్రమైన గాలితో చేయించండి. ఈటీపీ గాలిలో అప్పటికే 3 పీపీఎం ఉంటే దాన్నే సున్నా అనుకుని అక్కడినుంచి అంతా 3 తక్కువ చూపిస్తుంది. స్పాన్ కొట్టేముందు గ్యాస్‌కి వచ్చిన మొదటి రీడింగ్, కొట్టాక వచ్చిన రీడింగ్ రెండూ సర్టిఫికెట్లో ఉండాలి. మొదటిది లేకపోతే ఆ కాగితం తీసుకోకండి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తు ఉంది కదా అని ఊరుకోవద్దు, వాళ్ళ స్కోప్‌లో (గుర్తింపు వేటికో చెప్పే జాబితాలో) మీ గ్యాస్, మీ రేంజ్ ఉన్నాయో లేదో ఎన్ఏబీఎల్ సైట్లో చూడండి. చాలామందికి ప్రెషర్, టెంపరేచర్‌కే ఉంటుంది, గుర్తు మాత్రం అన్నిటి మీదా కొట్టేస్తారు.

క్లోరిన్ డిటెక్టర్లున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. ఆ సిలిండర్ ఇంకా త్వరగా పాడవుతుంది, ట్యూబ్ కూడా గ్యాస్‌ని ఇంకా ఎక్కువ తినేస్తుంది. అమ్మోనియా సెల్ నెమ్మది, మూడు నిమిషాలు చాలకపోవచ్చు, రీడింగ్ నిలబడేదాకా ఆగమనండి. బ్యాలెన్స్ పేమెంట్ ఆపేశాం, ఆయన లీగల్ నోటీసు అంటున్నాడు. పంపించమనండి, ఏడో నంబరు సర్టిఫికెట్ జత చేసి మరీ జవాబిస్తాం.