సూపర్‌చార్జర్ బిగించాక నాకింగ్ రాకుండా: ఇంటర్‌కూలరా, టైమింగా, ఆక్టేనా, నీళ్ల స్ప్రేనా? ఏది మేలు?

మామూలు ఇంజిన్‌కి కొత్తగా సూపర్‌చార్జర్ (బెల్టుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే యంత్రం) బిగించినవాళ్ల టెన్షన్ ఎక్కువగా బెల్టు గురించో, బేరింగుల గురించో ఉంటుంది. నిజంగా భయపడాల్సింది నాకింగ్‌కి. ప్లగ్గు వెలిగించిన మంట సిలిండర్‌లో పాకుతూ ఉండగానే, అది ఇంకా చేరని అంచున మిగిలిన మిక్స్చర్ వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బకి పుట్టిన ఒత్తిడి అలలు సిలిండర్ గోడలను కొడతాయి. 86 మిల్లీమీటర్ల బోరు ఉన్న ఇంజిన్‌లో ఆ మోత సుమారు 6,500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మామూలు ఇంజిన్‌లో అయితే టకటకమని వినపడి ముందే హెచ్చరిస్తుంది. సూపర్‌చార్జర్ కూతలో అది కలిసిపోతుంది. చెవికి అందేసరికి పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగి ఉండొచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు.

దీన్ని ఆపే మార్గాలు చాలా ఉన్నాయి, అన్నీ ఎంతో కొంత పనిచేస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నదాని దగ్గరే చాలామంది తికమకపడతారు. నా ఓటు మొదట గాలిని చల్లబరచడానికే.

పోలికలోకి వెళ్లే ముందు ఒక షరతు. ఇంధనం చాలకపోతే కింద చెప్పేవేవీ ఇంజిన్‌ని కాపాడలేవు. పెట్రోలు పూర్తిగా మండటానికి గాలి నిష్పత్తి 14.7:1. బూస్ట్‌లో (సూపర్‌చార్జర్ గాలికి అదనపు ఒత్తిడి ఇస్తుండగా) ఫుల్ థ్రాటిల్ మీద ఉన్నప్పుడు 11.5 నుంచి 12 మధ్య రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువగా, నడపడం మామూలు. పాత ఇంజెక్టర్లు అప్పటికే 85 శాతం డ్యూటీ (తెరుచుకుని ఉండే సమయం) దాటుతుంటే, పంపు ప్రెషర్ పడిపోతుంటే, మిక్స్చర్ లీన్ అయి (పెట్రోలు తగ్గి) నాకింగ్ అక్కడే మొదలవుతుంది. కంపెనీ మ్యాప్ సెన్సార్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడిని కొలిచేది) బయటి వాతావరణ పీడనం వరకే కొలిచే రకమైతే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూకి బూస్ట్ అన్నది కనిపించనే కనిపించదు. ముందు వీటిని సరిచేయాలి. గాలి-పెట్రోలు నిష్పత్తిని చూపించే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ లేకుండా బూస్ట్‌లో నడపడం కళ్లు మూసుకుని నడపడమే.

ఇక అసలు శత్రువు వేడి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు పట్టుకున్న ప్రతి చేతికీ ఈ సంగతి తెలుసు. బయటి గాలి 30 డిగ్రీలు, బూస్ట్ 0.5 బార్, అంటే సుమారు 7 పీఎస్‌ఐ అనుకుందాం. 60 శాతం సామర్థ్యంతో తిరిగే రూట్స్ రకం (రెండు రోటర్లతో గాలిని తోసే) సూపర్‌చార్జర్ నుంచి ఆ గాలి దాదాపు 90 డిగ్రీలతో బయటికొస్తుంది. 75 శాతం సామర్థ్యం ఉన్న సెంట్రిఫ్యూగల్ (వేగంగా తిరిగే చక్రంతో గాలిని విసిరే) రకమైతే 80 లోపే. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఆ అదనపు వేడిలో 70 శాతం లాగేస్తే రూట్స్ గాలి కూడా 50 లోపుకి దిగుతుంది. సిలిండర్‌లోకి వెళ్లకముందే 40 డిగ్రీలు తగ్గించినట్టు! పైగా చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదే బూస్ట్ దగ్గర 13 శాతం దాకా ఎక్కువ గాలి లోపలికి పోతుంది. నాకింగ్‌ని దూరం పెడుతూనే పవర్ కూడా పెంచే మార్గం ఇదొక్కటే అన్నా అతిశయోక్తి కాదు. ఆ అదనపు గాలికి తగ్గ పెట్రోలు మ్యాప్‌లో (ఈసీయూలో పెట్రోలునీ స్పార్క్‌నీ నిర్ణయించే పట్టికలో) పెట్టడం మాత్రం మరిచిపోకూడదు.

ఇబ్బంది చోటు దగ్గర వస్తుంది. సెంట్రిఫ్యూగల్‌కి పైపులు లాగి రేడియేటర్ ముందు గాలి ఇంటర్‌కూలర్ పెట్టడం తేలిక. రూట్స్ రకం ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీదే కూర్చుంటుంది కాబట్టి దాని కింద ఇరికించే నీటి ఇంటర్‌కూలరే గతి. అది మొదటి రెండు మూడు పరుగుల్లో అద్భుతంగా ఉంటుంది. ఆ తర్వాత నీళ్లు వేడెక్కి గాలిని చల్లబరచలేకపోతుంది. ముందువైపు పెట్టే హీట్ ఎక్స్‌చేంజర్ పెద్దది ఉంటేనే దీన్ని నమ్మొచ్చు.

టైమింగ్ వెనక్కి జరపడం, అంటే స్పార్క్‌ని ఆలస్యం చేయడం, దీనికి పూర్తి వ్యతిరేక స్వభావం ఉన్న మందు. పైసా సామాను అక్కర్లేదు, ల్యాప్‌టాప్ చాలు. ఒక పీఎస్‌ఐ బూస్ట్‌కి ఒక డిగ్రీ వెనక్కి అనేది మెకానిక్‌లు మొదటి అంచనాగా వాడే లెక్క. అంటే ఫుల్ లోడ్‌లో పిస్టన్ పైకి చేరడానికి 28 డిగ్రీల ముందు స్పార్క్ ఇస్తున్న ఇంజిన్‌ని 7 పీఎస్‌ఐ దగ్గర 21కి తేవాలి. మంట ఆలస్యంగా మొదలై, పిస్టన్ దిగే వేళకి ఒత్తిడి శిఖరానికి చేరుతుంది కాబట్టి నాకింగ్ తగ్గుతుంది. ఆ మేరకు పవర్ కూడా తగ్గుతుంది, మిగిలిన వేడి ఎగ్జాస్ట్ వాల్వుల మీదా క్యాటలిస్ట్ మీదా పడుతుంది. కొత్త సెటప్‌తో రోడ్డెక్కే తొలి రోజుల్లో ఇది తప్పనిసరి. వేడి గాలి సమస్యని శాశ్వతంగా టైమింగ్‌తో కప్పిపుచ్చితే మాత్రం సూపర్‌చార్జర్ ఇచ్చినదాంట్లో సగం తిరిగి ఇచ్చేస్తున్నట్టే.

కంపెనీ నాక్ సెన్సార్ చూసుకుంటుందిలే అనుకోవడం ఇంకా ప్రమాదం. అది నాకింగ్ మొదలయ్యాక స్పందించేది, అదీ ఆ ఇంజిన్ మొదటి రూపానికి సరిపడా. 1980ల మొదట్లో సాబ్ తన టర్బో కార్లలో తెచ్చిన ఏపీసీ వ్యవస్థ నాకింగ్ వినగానే వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బోకి వెళ్లకుండా పక్కకి మళ్లించే వాల్వు) తెరిచి బూస్ట్ తగ్గించేది. బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్‌కి ఆ వేస్ట్‌గేట్ ఉండదు. దాని బూస్ట్‌ని నిర్ణయించేది ముఖ్యంగా పుల్లీ సైజే.

నాకింగ్‌ని పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ గురించి క్లుప్తంగా చెప్పొచ్చు: బంకులో దొరికే అత్యధిక ఆక్టేన్ వాడండి, మ్యాప్ దానికే ట్యూన్ చేయించండి. 91 ఆర్‌ఓఎన్‌కీ (ఆక్టేన్‌ని కొలిచే ఒక పద్ధతి) 98కీ మధ్య తేడా నిజమైన తేడా. నంబర్లు పోల్చేటప్పుడు జాగ్రత్త, అమెరికా బంకుల్లో రాసే 93 దాదాపు 98 ఆర్‌ఓఎన్‌తో సమానం. ఆక్టేన్ బూస్టర్ సీసాల మీద రాసే పాయింట్లలో పది కలిస్తే ఒక ఆక్టేన్ నంబరు. ఒక్క ట్యాంకు తక్కువ ఆక్టేన్ పెట్రోలు పడితే చెదిరిపోయే సెటప్‌ని మాత్రం నేను మేలైనదనను.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిలో చల్లే నీళ్లు-మిథనాల్ స్ప్రే మీద నాకు చాలా గౌరవం ఉంది. కిలో నీరు ఆవిరవ్వడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి తాగుతుంది, పెట్రోలు తాగేది అందులో ఆరో వంతు కూడా ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 లాంటి విమాన ఇంజిన్లు అత్యవసర పవర్‌కి దీన్నే వాడాయి. 2016లో బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ నీటి స్ప్రేతోనే వచ్చింది. అయినా దీనికి రెండో స్థానమే ఇస్తాను. 1962 నాటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ ఇందుకు కారణం. 10.25:1 కంప్రెషన్ (సిలిండర్‌లో మిక్స్చర్ నొక్కుకుపోయే నిష్పత్తి) ఉన్న టర్బో ఇంజిన్‌ని నాకింగ్ నుంచి కాపాడటానికి అందులో నీళ్లు-మిథనాల్ ట్యాంకు పెట్టారు. చాలామంది ఓనర్లు దాన్ని నింపడం మరిచిపోయేవారు. ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ కోసేసే ఏర్పాటు ఉండబట్టి సరిపోయింది. ఈ రోజు కిట్ బిగించుకునేవాళ్లలో ఎందరు అలాంటి ఏర్పాటు పెట్టుకుంటున్నారు? నాజిల్ మూసుకుపోవచ్చు, పంపు ఫ్యూజు పోవచ్చు. స్ప్రే లేకపోయినా నిలబడే మ్యాప్ మీద అదనపు రక్షణగా పెడితే ఇది బంగారం. స్ప్రే ఉంది కదా అని టైమింగ్ ముందుకి జరిపితే, నీళ్లు ఆగిన క్షణాన ఇంజిన్‌కి దిక్కుండదు. ప్రవాహాన్ని కొలిచే సెన్సార్, అది ఆగితే టైమింగ్‌ని వెనక్కి లాగే ఏర్పాటు ఉంటేనే ఆ పని చేయాలి.

ఇంటర్‌కూలర్ ఏ విధంగానూ పట్టని కారైతే? స్ప్రే కంటే ముందు సూపర్‌చార్జర్‌కి పెద్ద పుల్లీ వేసి బూస్ట్ 0.3 బార్‌కి దించమంటాను. కంప్రెషన్ తగ్గించడం ఇంజిన్ ఎలాగూ విప్పుతున్నప్పుడే ఆలోచించాల్సిన విషయం. అప్పుడు కూడా మందపాటి హెడ్ గ్యాస్కెట్‌తో సరిపెట్టొద్దు. పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య సందు పెరిగితే మిక్స్చర్‌ని కలియబెట్టే స్క్విష్ పోయి నాకింగ్‌కే మేలు చేసినట్టవుతుంది. ఖర్చైనా ఫోర్జ్‌డ్ లో-కంప్రెషన్ పిస్టన్లే సరైన దారి.

రూట్స్ రకం బిగించినవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. తక్కువ ఆర్పీఎంలోనే దాని బూస్ట్ దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది, అక్కడ మంట పాకే వ్యవధి ఎక్కువ కాబట్టి నాకింగ్‌కి అవకాశమూ ఎక్కువే. 2,000 ఆర్పీఎం దగ్గర టాప్ గేర్‌లో పూర్తిగా తొక్కకుండా ఒక గేరు దించండి.

ప్లగ్గులు ఒక మెట్టు కోల్డ్ రకంవి (వేడిని త్వరగా వదిలేవి) వేసి, కొన్ని గట్టి పరుగుల తర్వాత విప్పి భూతద్దంతో తెల్ల పింగాణీ చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలో, మెరిసే అల్యూమినియం రేణువులో కనిపిస్తే నాకింగ్ జరిగినట్టే. మెరిసేవి పిస్టన్ నుంచి ఊడినవి. అప్పుడు టైమింగ్ ఇంకో రెండు డిగ్రీలు వెనక్కి జరిపి, లోపలికెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో లాగ్‌లో చూసేదాకా బూస్ట్‌లోకి వెళ్లొద్దు.